రోడ్ సైకిల్ కొనబోయే ఆడవాళ్ళకు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది బరంపురం. ఆదివారం తెల్లవారుజామున గోపాల్‌పూర్ రోడ్డు మీద మేం నలుగురైదుగురు ఆడవాళ్ళం సైకిళ్ళు తొక్కుతుంటాం. పక్కన స్కూటీ ఆపి "ఎంతకి కొన్నారండీ?" అని మొదలుపెట్టేవాళ్ళు, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడల నుంచి ఫోన్ చేసే చుట్టాలు, వాళ్ళ స్నేహితురాళ్ళు అడిగేవి ఇంచుమించు ఇవే. నేను తొక్కి, పొరపాటుపడి, సరిదిద్దుకుని తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మొదటిసారి రోడ్ సైకిల్ కొంటున్న ఆడవాళ్ళను మనసులో పెట్టుకుని రాసినది ఇది.

రోడ్ బైక్ అంటే ఏమిటి? మామూలు గేర్ సైకిల్‌కీ దానికీ తేడా ఏమిటి?

మన దగ్గర బైక్ అంటే మోటారు బండి కాబట్టి నేను రోడ్ సైకిల్ అనే అంటాను. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, సన్నని టైర్లు, తేలికైన ఫ్రేమ్ దాని గుర్తులు. ముందు షాక్ అబ్జార్బర్లు ఉండవు. తారు రోడ్డు మీద ఎక్కువ దూరం తక్కువ అలసటతో వెళ్ళడానికి తయారైంది. హ్యాండిల్ మీద చేతులు పెట్టుకునే చోట్లు మూడు ఉంటాయి: పైభాగం, బ్రేకు లివర్ల మీది రబ్బరు తొడుగులు, కింది వంపు. గంటల తరబడి తొక్కేటప్పుడు చేతుల స్థానం మార్చుకోగలగడమే దీని పెద్ద సుఖం.

నాకు రోడ్ సైకిలే కావాలా? హైబ్రిడ్ చాలదా?

రోజూ ఆఫీసుకి, బజారుకి, పిల్లల ట్యూషన్‌కి అయితే తిన్నని హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ చాలు. డబ్బూ మిగులుతుంది. వారానికి రెండుమూడు సార్లు ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కాలని, ఎప్పటికైనా చిలికా ఒడ్డున రంభ దాకా వెళ్ళిరావాలని ఉంటే రోడ్ సైకిల్ తీసుకోండి. 200 కిలోమీటర్ల బ్రెవే (పందెం కాదు, గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) చేయాలన్న కోరిక ఉన్నవాళ్ళకీ అదే. ఆ బ్రెవేని 13 గంటల 30 నిమిషాల్లో పూర్తిచేయాలి. అన్ని గంటలు తిన్నని హ్యాండిల్ పట్టుకుని కూర్చోవడం మణికట్లకు కష్టం.

రోడ్ సైకిళ్ళలోనూ రెండు రకాలున్నాయి. రేసు రకంలో హ్యాండిల్ బాగా కిందికీ, ముందుకీ ఉంటుంది. ఎండ్యూరెన్స్ రకంలో హ్యాండిల్ కాస్త ఎత్తుగా, దగ్గరగా ఉంటుంది, లావు టైర్లు పడతాయి. సుఖం ముఖ్యమైతే కళ్ళు మూసుకుని ఎండ్యూరెన్స్ రకం అడగండి.

ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా రోడ్ సైకిళ్ళు ఉన్నాయా?

మన ఊళ్ళ దుకాణాల్లో లేడీస్ సైకిల్ అంటే ముందు బుట్ట ఉన్నదీ, అడ్డగొట్టం కిందికి వంచినదీ చూపిస్తారు. చీరతో, చుడీదార్‌తో ఎక్కిదిగడానికి అది బాగుంటుంది, కానీ అది రోడ్ సైకిల్ కాదు.

అమెరికాలో జార్జీనా టెర్రీ అనే ఇంజనీరు 1985లో ఆడవాళ్ళ కోసం సైకిళ్ళ కంపెనీ పెట్టారు. పొట్టివాళ్ళకు ఫ్రేమ్ చిన్నది చేస్తే ముందు చక్రం పాదానికి తగులుతుంది. అందుకని ఆవిడ వెనక మామూలు చక్రం, ముందు 24 అంగుళాల చిన్న చక్రం పెట్టి ఫ్రేమ్ పొడవు తగ్గించారు. 2008లో జెయింట్ కంపెనీ ఆడవాళ్ళకని లివ్ బ్రాండ్ మొదలుపెట్టింది, అది ఇప్పటికీ ఉంది. ఆడవాళ్ళకు కాళ్ళు పొడవు, నడుము పైభాగం పొట్టి అన్న లెక్కతో మరికొన్ని కంపెనీలూ వేరే ఫ్రేములు చేశాయి. తరువాత స్పెషలైజ్డ్ వంటి కంపెనీలు తాము కొలిచిన శరీరాల లెక్కలు చూసుకుని, ఆడా మగా మధ్య తేడా కంటే మనిషికీ మనిషికీ మధ్య తేడానే ఎక్కువని ఒకే ఫ్రేముకి వచ్చేశాయి. సీటు, హ్యాండిల్ వెడల్పు, క్రాంకు (పెడల్‌ని ఇరుసుకి కలిపే కడ్డీ) పొడవు మాత్రం సైజును బట్టి మారుస్తాయి.

కాబట్టి పేరు, రంగు చూసి కొనకండి. మగవాళ్ళదని రాసి ఉన్న ఫ్రేమ్ మీ కొలతకు సరిపోతే అది మీదే. గులాబీ రంగు వేసి ఉన్నా కొలత కుదరకపోతే వదిలేయండి.

నా ఎత్తు అయిదడుగులు. ఏ సైజు తీసుకోవాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. నా సంగతి చెబుతాను. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. మొదటి సైకిల్ కొన్నప్పుడు దుకాణంలో 54 సైజు ఒక్కటే ఉంది. "సీటు దించేస్తే సరిపోతుంది మేడమ్" అన్నారు, నమ్మాను. సీటు దించితే కాళ్ళు అందాయి, హ్యాండిల్ మాత్రం దూరంగానే ఉండిపోయింది. గోపాల్‌పూర్ ఇక్కడికి పదహారు కిలోమీటర్లే. వెళ్ళి వచ్చేసరికి చిటికెనవేళ్ళు తిమ్మిరెక్కేవి, మెడ పట్టేసేది. నాకు బలం లేదనీ, వయసు వచ్చిందనీ అనుకుని ఏడాదిపాటు అలాగే తొక్కాను. విశాఖలో ఒక మెకానిక్ నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టి చూసి, రెండు నిమిషాల్లో "ఇది మీ సైకిల్ కాదమ్మా" అన్నాడు. ఆ మాట విన్నాక ఎంత తేలిక పడ్డానో చెప్పలేను. తప్పు నా ఒంట్లో లేదు, సైజులో ఉంది. అందుకే ఈ జవాబు పొడవుగా రాస్తున్నాను.

ముందు ఇంట్లో మీ కాలి కొలత తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి, ఒక అట్టపుస్తకాన్ని కాళ్ళ మధ్య, సీటు మీద కూర్చున్నప్పుడు తగిలేంత గట్టిగా పైకి నొక్కి పట్టుకోండి. పుస్తకం పైఅంచు నుంచి నేల దాకా ఎవరిచేతైనా కొలిపించండి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. దాన్ని 0.883తో గుణిస్తే, పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు ఇంచుమించుగా వస్తుంది. కాలి కొలత 70 సెంటీమీటర్లయితే 61.8. ఇది మొదలుపెట్టడానికే. తరువాత అటూ ఇటూ కొద్దికొద్దిగా జరుపుకోవాలి.

ఇక ఫ్రేమ్. 48, 50, 52 అనే అంకెలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. ఒకరి 50 ఇంకొకరి 48 కావచ్చు. నమ్మదగినవి రెండు కొలతలు: స్టాక్, రీచ్. పెడళ్ళ ఇరుసు నుంచి హ్యాండిల్ మొదలు ఎంత ఎత్తున ఉందో స్టాక్ చెబుతుంది, ఎంత ముందుకు ఉందో రీచ్ చెబుతుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో జామెట్రీ పట్టికలో ఉంటాయి. నడుము, మెడ మీద భారం వద్దనుకుంటే స్టాక్ ఎక్కువ, రీచ్ తక్కువ ఉన్నది చూడండి. అయిదడుగుల చుట్టుపక్కల వాళ్ళకు సాధారణంగా ఆ మోడల్‌లో అన్నిటికంటే చిన్న సైజు, ఎక్స్‌ఎస్ గానీ 44 నుంచి 48 లోపుది గానీ సరిపోతుంది. రెండు సైజుల మధ్య పడితే చిన్నది తీసుకోండి. చిన్నదాన్ని కాస్త పెద్దది చేయవచ్చు, పెద్దదాన్ని చిన్నది చేయడం కుదరదు.

చిన్న ఫ్రేముల్లో ఒక విషయం చూసుకోవాలి. పెడల్ ముందుకి ఉన్నప్పుడు హ్యాండిల్ బాగా తిప్పితే కాలివేళ్ళు ముందు చక్రానికి తగలవచ్చు. వేగంగా పోయేటప్పుడు హ్యాండిల్ అంత తిప్పం కాబట్టి ఏమీ కాదు. సందులో నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడే టెన్షన్. తగులుతుందేమో దుకాణంలోనే చూసుకుని, తగిలితే ఎలా తిరగాలో అలవాటు చేసుకోండి.

సీటు నొప్పి. దీన్ని ఓర్చుకోవాల్సిందేనా?

అడగడానికి చాలామంది సిగ్గుపడతారు. వదిన వరసయ్యే ఆవిడ ఆర్నెల్లు బాధపడి, సైకిల్ అమ్మేసే ముందురోజు నాతో చెప్పింది. అందుకని సూటిగా రాస్తాను.

కూర్చున్నప్పుడు పిరుదుల కింద రెండు గట్టి ఎముకలు తగులుతాయి. మన బరువు వాటి మీద పడాలి. కొత్తలో రెండు వారాలు అక్కడ నొప్పి రావడం మామూలే, తగ్గిపోతుంది. మధ్యలో మెత్తటి చోట మంట, తిమ్మిరి, వాపు, మూత్రానికి వెళ్ళినప్పుడు చురుకు ఉంటే మాత్రం అది మామూలు కాదు. ఒక్క రోజు కూడా ఓర్చుకోకండి. సైకిల్‌లో ఏదో సరిగా లేదని దాని అర్థం. తొక్కడం ఆపినా వాపు తగ్గకపోతే డాక్టరమ్మకు చూపించండి.

కారణాలు ఎక్కువగా మూడు. సీటు సన్నగా ఉండి ఎముకలు పక్కలకు జారిపోవడం మొదటిది. సీటు ఎత్తు ఎక్కువై, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగడం రెండోది. వెనక నుంచి ఎవరినైనా వీడియో తీయమనండి, తెలిసిపోతుంది. మూడోది సీటు ముక్కు పైకి లేచి ఉండడం. సమంగా పెట్టి, అవసరమైతే ముక్కు ఒక్క డిగ్రీయో రెండో కిందికి దించండి. అంతకంటే దించితే ముందుకి జారి బరువంతా చేతుల మీద పడుతుంది.

వెడల్పు ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గట్టి బల్ల మీద అట్టపెట్టె ముక్క పెట్టి, కాళ్ళు కాస్త పైకెత్తి, ముందుకి వంగి కూర్చోండి. లేచాక అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరం కొలిచి రెండు సెంటీమీటర్ల పైన కలపండి. సీట్లు 143, 155, 168 మిల్లీమీటర్లు అని వెడల్పుతో సహా అమ్ముతారు. మీ లెక్కకు దగ్గరలో ఉన్నది, మధ్యలో గాడి గానీ రంధ్రం గానీ ఉన్నది, ముక్కు పొట్టిగా ఉన్నది అడగండి. సాధారణంగా ఆడవాళ్ళ కటి ఎముకలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి సైకిల్‌తో వచ్చిన సీటు చాలామందికి సరిపడదు. కొనేటప్పుడే సీటు మార్పించే ఖర్చు లెక్కలో వేసుకోండి.

జెల్ కవర్లు మాత్రం కొనకండి. చేత్తో నొక్కితే హాయిగా ఉంటుంది కానీ గంట తొక్కాక ఎముకలు అందులో దిగిపోయి, మెత్తటి జెల్ పైకి ఉబికి ఎక్కడ తగలకూడదో అక్కడే తగులుతుంది. ఆ డబ్బుతో ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ కొనండి. లోపల ఇంకేమీ వేసుకోకూడదు. లోదుస్తుల కుట్లు ఒరుసుకునే ఎక్కువమందికి దద్దుర్లు వస్తాయి. ఒకసారి వేసుకున్నది ఉతక్కుండా మళ్ళీ వేసుకోవద్దు. మన తీరం చెమటకు ఇది చాలా ముఖ్యం.

నెలసరి రోజుల్లో తొక్కవచ్చా?

ఒంట్లో బాగుంటే నిస్సంకోచంగా తొక్కండి. ప్యాడ్ అంచులు ఒరుసుకుంటాయి కాబట్టి దూరం వెళ్ళేటప్పుడు మెన్‌స్ట్రువల్ కప్పు వాడేవాళ్ళకు హాయిగా ఉంటుంది. అలవాటు లేకపోతే పల్చటి ప్యాడ్‌తో దగ్గర్లో తిరిగిరండి. కప్పు మొదటిసారి పొడవాటి రైడ్ రోజున ప్రయత్నించవద్దు.

చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, బ్రేకు అందడం లేదు. ఏం మార్చాలి?

చిటికెనవేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున ఉన్న నరం నొక్కుకుంటోందన్నమాట. ముందు సీటు ముక్కు దిగి ఉందేమో, హ్యాండిల్ దూరమైందేమో చూడండి. హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే పొట్టి గొట్టాన్ని స్టెమ్ అంటారు. దాన్ని 100 నుంచి 80 మిల్లీమీటర్లకు మారిస్తే హ్యాండిల్ రెండు సెంటీమీటర్లు దగ్గరవుతుంది. తలకిందులుగా బిగిస్తే ఎత్తూ పెరుగుతుంది.

హ్యాండిల్ వెడల్పు మీ భుజాలంత ఉండాలి. మన భుజాలకు 36, 38 సెంటీమీటర్లు చాలు. చాలా సైకిళ్ళకు 42 బిగించి ఇస్తారు, చేతులు చాపి పట్టుకోవలసి వస్తుంది. ఇక బ్రేకు లివర్ల సంగతి. చాలా రకాల్లో లివర్‌ను హ్యాండిల్‌కి దగ్గరగా జరిపే చిన్న స్క్రూ ఉంటుంది. ఈ సంగతి తెలియక ఎంతమంది భయంభయంగా దిగువలు దిగుతున్నారో! కింది వంపు పట్టుకుని, రెండు వేళ్ళతో బ్రేకు పూర్తిగా నొక్కగలగాలి. దుకాణం నుంచి బయటికి వచ్చేముందే చేయించుకోండి, ఖర్చు ఉండదు.

క్రాంకు పొడవు చూడాలా?

చూడాలి. పొట్టివాళ్ళకు 165 మిల్లీమీటర్లు మేలు. 170 ఉంటే మోకాలు ఎక్కువ మడవాల్సి వస్తుంది. చిన్న సైజుల్లో చాలావరకు 165 లేదా 170 వస్తాయి, అడిగి తెలుసుకోండి.

గేర్లు ఎన్ని ఉండాలి? మాకు ఘాట్ రోడ్లున్నాయి.

ఎన్ని ఉన్నాయన్నది కాకుండా అన్నిటికంటే తేలిక గేరు ఏదన్నది అడగండి. ముందు చిన్న పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక పెద్దదానికి 28 ఉంటే ఒక చుట్టు తొక్కినప్పుడు సైకిల్ దాదాపు 2.6 మీటర్లు పోతుంది. వెనక కూడా 34 ఉంటే 2.1 మీటర్లే. ఆ అర మీటరు తేడా బరంపురం నుంచి ఛత్రపూర్ వెళ్ళేటప్పుడు తెలియదు. దిగపహండి దాటి తప్తపాని ఘాట్ ఎక్కేటప్పుడు మోకాళ్ళకు తెలుస్తుంది. సాలూరు, సుంకి మీదుగా కొరాపుట్ వెళ్ళే ఘాట్ అయితే ఇక చెప్పక్కర్లేదు. కొండల వైపు ఉన్నవాళ్ళు వెనక 32 లేదా 34 పళ్ళు ఉన్నదే తీసుకోండి. తప్తపానిలోని వేడినీటి బుగ్గ దగ్గరకి సైకిల్ నడిపించుకుంటూ కాకుండా తొక్కుకుంటూ చేరిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

గేర్లు చేసే షిమానో కంపెనీ రకాల్లో క్లారిస్ వెనక ఎనిమిది గేర్లది, సోరా తొమ్మిది, టియాగ్రా పది. మొదటి సైకిల్‌కి క్లారిస్ చాలు. పాడైతే మన వైపు మెకానిక్ కూడా బాగుచేయగలడు.

టైర్లు ఎంత లావు ఉండాలి? గాలి ఎంత?

కనీసం 28 మిల్లీమీటర్లు, ఫ్రేమ్‌లో పడితే 32. హైవే నున్నగా ఉన్నా పల్లెల్లోకి దిగితే గుంతలు, లెక్కలేనన్ని స్పీడ్‌బ్రేకర్లు. టైరు మీద రాసిన గరిష్ఠ గాలి కొట్టించడం చాలామంది చేసే పొరపాటు. యాభై అయిదు కిలోల మనిషికి 28 టైర్లలో 60 నుంచి 70 పీఎస్‌ఐ, 32 అయితే 45 నుంచి 55 మొదలుపెట్టడానికి బాగుంటుంది. ముందు చక్రానికి వెనకదాని కంటే కాస్త తక్కువ. గాలి తగ్గించాక నడుము నొప్పి పోయిందని చెప్పినవాళ్ళు మా గుంపులోనే ఇద్దరున్నారు.

ఇంకొకటి. రోడ్ సైకిల్ ట్యూబులకు సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. రోడ్డు పక్క పంక్చర్ దుకాణంలో గాలి గొట్టం దానికి పట్టదు. ఇత్తడి అడాప్టర్ చాలా చవక. రెండు కొని ఒకటి వాల్వ్‌కే బిగించి ఉంచండి. ఒక చేతి పంపు, అదనపు ట్యూబు, టైరు లివర్లు ఎప్పుడూ సంచిలో ఉండాలి. ట్యూబు మార్చడం ఇంట్లో నాలుగుసార్లు సాధన చేయండి. ఎవరి సాయం లేకుండా ముందుకు పోగలనన్న ధైర్యం వస్తే దూరాలు వాటంతటవే పెరుగుతాయి.

డిస్క్ బ్రేకులా, రిమ్ బ్రేకులా?

వానాకాలం తొక్కేవాళ్ళకు, ఘాట్లు దిగేవాళ్ళకు డిస్క్. తడిలోనూ పట్టు ఉంటుంది, చిన్న చేతులకు శ్రమ తక్కువ. డబ్బు తక్కువైతే రిమ్ బ్రేకులతోనూ ఇబ్బంది లేదు. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ బాగుచేసేవాళ్ళు మన చిన్న ఊళ్ళలో అరుదు కాబట్టి కేబుల్‌తో నడిచే డిస్క్ మంచి మధ్యదారి.

ఫ్రేమ్ అల్యూమినియందా, కార్బన్‌దా?

మొదటి సైకిల్‌కి అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే చీలిక) చాలు. సముద్రం దగ్గర ఉన్నవాళ్ళు గొలుసును తరచు తుడిచి నూనె వేయాలి. ఉప్పుగాలికి వారంలో తుప్పు కనిపిస్తుంది.

ఎంత పెట్టాలి?

కొత్త రోడ్ సైకిల్ పాతిక ముప్పై వేల దగ్గర మొదలవుతుంది. సుఖంగా, ఏళ్ళ తరబడి వాడుకునేది కావాలంటే నలభై నుంచి అరవై వేలు అనుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో చూసుకోండి. మొత్తం డబ్బు సైకిల్ మీదే పెట్టేయకుండా హెల్మెట్, లైట్లు, షార్ట్స్, సరైన సీటు, పంపుకి ఎనిమిది పదివేలు పక్కన పెట్టుకోండి. ఖరీదైన సైకిల్ మీద సరిపడని సీటుతో తొక్కడం కంటే, చవక సైకిల్ మీద సరైన సీటుతో తొక్కడం హాయి.

ఎక్కడ కొనాలి? దుకాణంలో ఏం అడగాలి?

బరంపురం, పర్లాకిమిడి, జయపురం వాళ్ళకు నాలుగు సైజులు వరసగా నిలబెట్టి చూపించే చోటు కావాలంటే భువనేశ్వర్ గానీ విశాఖ గానీ వెళ్ళాల్సిందే. ఒక రోజు పోయినా వెళ్ళండి. ఫోన్ చేసి మీ సైజు ఉందని రూఢి చేసుకున్నాకే రైలెక్కండి. తొక్కే బట్టలు, బూట్లు వేసుకుని వెళ్ళండి, మీ కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. కనీసం పావుగంట తొక్కి చూడనివ్వమనండి. "స్టెమ్ మార్చి ఇస్తారా, సీటు పడకపోతే వెనక్కి తీసుకుంటారా, మొదటి సర్వీసు ఎవరు చేస్తారు" అని అడగండి.

పక్కన అన్నయ్యో, మీ ఆయనో ఉంటే దుకాణదారు వాళ్ళతోనే మాట్లాడటం నేను చాలాసార్లు చూశాను. కొలతల కాగితం మీ చేతిలో ఉంచుకుని మీరే మాట్లాడండి. తొక్కేది మీరు. నచ్చకపోతే ఖాళీ చేతులతో తిరిగిరావడానికి మొహమాటపడకండి.

సెకండ్ హ్యాండ్ కొనవచ్చా?

సైజు సరిపోతేనే. చవకగా వస్తోందని సైజు మీద రాజీపడవద్దు. నా 54 సైజు సైకిల్‌ని చివరికి పొడగరి అబ్బాయికి సగం ధరకు అమ్ముకోవలసి వచ్చింది.

ఇంట్లోవాళ్ళు షార్ట్స్ వద్దంటున్నారు. ఏం వేసుకోవాలి?

ప్యాడ్ షార్ట్స్ మీద లెగ్గింగ్స్, పైన నడుము దాటని కుర్తా లేదా టీషర్ట్ వేసుకోండి. మా గుంపులో సగంమంది అలాగే వస్తారు. చున్నీ మాత్రం ఇంట్లో వదిలేయండి, చక్రంలో పడితే ప్రాణం మీదకు వస్తుంది. కుడికాలి లెగ్గింగ్ వదులుగా ఉంటే గొలుసులో పడకుండా రబ్బరు బ్యాండ్ వేయండి.

ఒంటరిగా తొక్కాలంటే భయం. ఎలా?

ఆ భయం నిజమైనదే, నాకూ ఉండేది. మొదట ఒక్క తోడు వెతుక్కోండి. వేగం కలవకపోయినా పర్వాలేదు. మధ్యలో టీకి ఆగి కలుసుకుంటే చాలు. లారీలు తిరిగే గిరిసోల, ఇచ్ఛాపురం హైవే కంటే గోపాల్‌పూర్ వైపు రోడ్డు కొత్తవాళ్ళకు మంచిది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి తెల్లవారి వెళ్ళి ఎండెక్కేలోపు తిరిగి రండి. పగలైనా వెనక ఎర్ర లైటు వెలుగుతూ ఉండనివ్వండి. కుక్క వెంటపడితే వేగం పెంచకుండా తొక్కడం ఆపి గట్టిగా అదిలించండి. అప్పటికీ ఆగకపోతే దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య పెట్టుకుని నడవండి. శుభ్రమైన బాత్రూమ్ ఉన్న పెట్రోల్ బంకులు ఏ దారిలో ఎక్కడున్నాయో మేం ఒక జాబితా రాసుకున్నాం. ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండా తొక్కడానికి, బాత్రూమ్ దొరకదన్న భయమే మొదటి కారణం. మీ దారికి మీరూ అలాంటి జాబితా రాసుకోండి.

కొన్నాక మొదటి నెల ఏం చేయాలి?

మొదటి వారం పది కిలోమీటర్లు దాటకండి. సీటు ఎత్తు ఒకేసారి మార్చకుండా అయిదేసి మిల్లీమీటర్లు జరపండి. మోకాలి ముందుభాగం నొప్పెడితే సీటు కాస్త పెంచండి, వెనకభాగం నొప్పెడితే దించండి. బూటు పెడల్‌కి బిగుసుకునే క్లిప్ పెడళ్ళు తొందరపడి కొనవద్దు. నెల తిరిగేసరికి గేరు కేబుళ్ళు సాగి, గేర్లు టకటకమంటాయి. అది లోపం కాదు, మొదటి సర్వీసులో బిగిస్తే పోతుంది. ఎత్తు కుదిరిందనుకున్న రోజున సీటు గొట్టం ఫ్రేమ్‌లోకి దిగే చోట కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపు ఒక చుట్టు చుట్టండి. రైల్లో వేయడానికి సీటు దించినా, ఇంట్లో తమ్ముడు తొక్కి వదిలేసినా, మీ ఎత్తు మళ్ళీ మీకు దొరుకుతుంది.